కుళాయి నీళ్ళు: రెండువందల పన్నెండు

మా కళాశాల రసాయనశాస్త్ర విభాగం ఈ ఏడాది నుంచి నాలుగు రకాల డిగ్రీలు ఇస్తున్నదని విభాగాధిపతిగా ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. శుద్ధ రసాయనశాస్త్రం, అనువర్తిత రసాయనశాస్త్రం, పర్యావరణ రసాయనశాస్త్రం, పారిశ్రామిక రసాయనశాస్త్రం. విద్యార్థి తన అభిరుచిని బట్టి ఏదైనా ఎంచుకోవచ్చు. ఎంచుకున్నాక అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, నేను ఒకే పాఠం చెబుతాను. హాజరు మాత్రం నాలుగుసార్లు పిలుస్తాను. గంటలో సగం అందుకే పోతుంది గనక, మిగతా సగానికి నా దగ్గరున్న సరుకు చక్కగా సరిపోతుంది.

విద్యార్థులకు పరిశోధనావకాశాలు కూడా కల్పించాము. మొదటి సంవత్సరంవాళ్ళు గాజుసామాను కడుగుతారు. రెండో సంవత్సరంవాళ్ళు తుడుస్తారు. చివరి సంవత్సరంవాళ్ళు కళాశాల కుళాయి నీటి కఠినత్వం ఎంతో కనిపెడతారు. అది మాకు ముందే తెలుసు. లీటరుకు రెండువందల పన్నెండు మిల్లీగ్రాములు. పందొమ్మిదేళ్ళుగా అంతే. ముందు జవాబు రాసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కగట్టి బ్యూరెట్ గొట్టం రీడింగులు వేసుకోవడం మా పద్ధతి. దీనివల్ల రసాయనాలు ఆదా అవుతాయి, పొరపాట్లు అసలు జరగవు. ఎనిమిదేళ్ళ కిందట నేను సమర్పించిన డాక్టరేటు గ్రంథంలోనూ ఈ నీళ్ళను నెలనెలా కొలిచి ఇదే అంకె సాధించాను. పాత రికార్డులోంచి ఎక్కించుకున్న సంగతి మాత్రం అందులో రాయలేదు, స్థలం చాలక.

ఈ ఏడాది మా కొంప ముంచడానికి ఒక అమ్మాయి వచ్చింది. ప్రశ్నలు ఎక్కువని తోటివాళ్ళు ఆమెను ‘ఎందుకమ్మ’ అంటారు. ఆమె నిజంగానే బ్యూరెట్‌లో రసాయనం నింపి, నీళ్ళు ఎరుపు నుంచి నీలానికి తిరిగేదాకా చుక్కచుక్కా వదిలింది. ఆరువందల నలభై వచ్చింది. గాజుసామాను మళ్ళీ కడుక్కుని చెయ్యమన్నాను. మూడు రోజులు చేసింది. అదే వచ్చింది.

స్టోరుకీపరు తల గోక్కున్నాడు. "కుళాయికి చెరువు నీళ్ళు ఆపేసి పదకొండేళ్ళయింది సార్. అప్పట్నించీ బోరు నీళ్ళే కదా."

నా గ్రంథం వయసు ఎనిమిదేళ్ళని మరోసారి మనవి చేస్తున్నాను.

ఊరి నీటి పరీక్షా కేంద్రంలో వేసవి పరిశోధనకు మా నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ఎందుకమ్మ అన్నింట్లో ముందుంది. ఈ ప్రాజెక్టు మార్కులొక్కటే మిగిలాయి. వాటిమీద సంతకం నాది. ఆరువందల నలభై కింద సంతకం పెడితే నా డాక్టరేటు మీద నేనే మట్టి పోసుకున్నట్టు.

ప్రిన్సిపాలుగారు ఈ అంకె సంగతి తేల్చడానికి సంఘం వేసి, తామే అధ్యక్షత వహించి, తామే ప్రసంగించారు. "పందొమ్మిదేళ్ళ ఏకాభిప్రాయం ముందు మూడు రోజుల ప్రయోగం ఏపాటి? నీరు మారిందని శాస్త్రాన్ని మార్చుకుంటూ పోతే విద్యాసంస్థలు నిలబడతాయా?" అందరం చప్పట్లు కొట్టాము. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది నేనే.

తరవాత ఆ అమ్మాయిని గదికి పిలిచి బతిమాలాను. రెండువందల పన్నెండు వేసుకో తల్లీ, నూటికి తొంభై అయిదు ఇస్తాను, ఆ కేంద్రానికి వెళ్ళి నీకిష్టమైనంత నిజం కొలుచుకో అన్నాను. ఆమె నా బల్లమీది సీసా వైపు చూసింది.

"మీరు రోజూ ఇంటినుంచే నీళ్ళు తెచ్చుకుంటారు కదా సార్. ఎందుకు?"

కుళాయి నీళ్ళు నోట్లో పెట్టుకోలేమని విభాగంలో అందరికీ తెలుసు. నాలుకకు తెలిసింది రికార్డుకెక్కలేదు, అంతే. నాకు సిగ్గేసింది. ఆమె అంకె దిద్దలేదు. ఆ సిగ్గుతోనే ముప్పై మార్కులు వేసి సంతకం పెట్టాను.

అవకాశం రెండువందల పన్నెండు సాధించిన కుర్రాడికి వెళ్ళింది. అతని కచ్చితత్వం అపూర్వమని సిఫారసు ఉత్తరంలో రాశాను. ఇప్పుడు అతను ఊరందరి నీళ్ళూ మా పద్ధతిలోనే పరీక్షిస్తున్నాడు. మీ నీళ్ళు భేషుగ్గా ఉన్నాయన్న కాగితం మీ వీధి చివర అంటించారు, చూసే ఉంటారు. చదివి, తృప్తిగా తలాడించి, ఇంటికొచ్చి నీళ్ళ క్యానుకు ఫోను చేశారు.