జిరాక్స్ యంత్రం మీద సీసా

ఆ ఉదయం రికార్డు గుమస్తా పెట్టుకున్న పని ఒక్కటే, జీడిపప్పు పెరుగు తోడుకునేలా చూడడం. భార్య పోయి నాలుగు నెలలైంది. ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిన పెరుగులోంచి రోజూ ఒక చెంచా మర్నాటికి తోడు వేస్తూ ఇంతవరకూ నెట్టుకొచ్చాడు. ఈ వారం చలికి రెండుసార్లు తోడుకోలేదు. ఇక మిగిలింది ఒక్క చెంచా. అదీ పోతే ఆవిడ చేతిదంటూ ఇంట్లో ఏమీ ఉండదు.

ఆవిడ పోయినప్పటి నుంచి అతనికి తిన్నది అరగడం లేదు. భోజనంతో ఎంజైమ్ క్యాప్సూల్ వేసుకుని, ఆఖర్న పెరుగు తినమంది డాక్టరమ్మ. క్యాప్సూల్ సంగతి రోజూ మరిచిపోయేవాడు. అందుకని మహా తెలివిగా మూడు క్యాప్సూల్స్ విప్పి, పొడిని జీడిపప్పు పాలలోనే కలిపేశాడు. నాలుగు ఖర్జూరాలు చిదిమి వేసి, ఆఖరి చెంచా తోడు పెట్టి, సీసాలో పోసి మూత బిగించాడు.

ఆఫీసులో వెచ్చగా ఉండేది జిరాక్స్ యంత్రం ఒక్కటే. సీసాను భార్య శాలువాలో చుట్టి, గుండెలకు హత్తుకుని తెచ్చి దానిమీద పెట్టాడు.

"ఏంటి సార్ అది?" అన్నాడు అటెండరు.

"మా ఆవిడ..." అంటూ గుమస్తా సీసా మీద శాలువా సర్దాడు.

అటెండరు రెండడుగులు వెనక్కి వేశాడు. తిన్నగా టైపిస్టు దగ్గరికి పోయి, "అస్థికలు వెంట తెచ్చుకున్నారమ్మా, పాపం," అని చెవిన వేశాడు.

పదింటికల్లా జిరాక్స్ తీయడం అందరూ మానేశారు. పదిన్నరకి గుమస్తా శాలువా తొలగించి, సీసా తడిమి, "వెచ్చగానే ఉంది," అని గొణిగితే ఇద్దరు బావురుమన్నారు. పదకొండింటికి మేనేజరు వచ్చి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. అందరూ యంత్రం చుట్టూ తలలు వంచి నిలబడ్డారు. తన భార్యను ఇంతమంది తలుచుకుంటారని గుమస్తా అనుకోలేదు. అతనూ కళ్లు తుడుచుకుని తల వంచాడు.

ఆ నిశ్శబ్దంలో సీసా బుస్సుమంది. ఆ వెంటనే ఢామ్మంది. మూత పైకప్పుకు తగిలింది, నురగంతా మేనేజరు ముఖాన పడింది.

"అయ్యో, నోట్లోకి పోయిందయ్యా! క్షమించమ్మా తల్లీ!" అని మేనేజరు సీసాకు చేతులు జోడించాడు.

"అది పెరుగు సార్," అన్నాడు గుమస్తా నేలమీద కూలబడి. "ఆవిడ పెట్టి వెళ్లిన తోడు. ఇంక లేదు."

ఎవరికీ నవ్వు రాలేదు. అతను స్కేలుతో నేలమీది నురగ గీకుతుంటే చూడలేక టైపిస్టు పక్కన కూర్చుని, ఏం కలిపావని అడిగింది. చెప్పాడు.

"ఆ మందు నీ కడుపులో పని చెయ్యాలయ్యా, సీసాలో కాదు! ఖర్జూరాల తీపికి పులిసి గ్యాసు పట్టింది, పైగా అది పోయే దారి లేకుండా మూతొకటి. లే తమ్ముడూ. రెండేళ్ల కిందట మీ ఆవిడ నాకు తోడు ఇచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో అదే. రేపు గిన్నెడు తెస్తాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అక్కా?"

"నువ్వు ఎవరితోనైనా నోరు విప్పితేగా!"

గుమస్తా నాలుగు నెలల్లో మొదటిసారి నలుగురి ముందు ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం తిన్నది అరిగింది.

మర్నాడు యంత్రం మీద మూత వదులుగా పెట్టిన కొత్త సీసా వెలిసింది. దానికి మేనేజరు సంతకంతో, ఆఫీసు ముద్రతో చీటీ అంటించి ఉంది: "ఇందులో ఎవరూ లేరు."