నూట ఇరవై మిల్లీమీటర్ల వాన

ఆ మంగళవారం పొద్దున్న ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఆఫీసుకు చేరి, వాన లెక్క పూర్తిచేసి, పదింటికి కూతురి బడికి వెళ్లి టీచరును కలవాలి. ఆఫీసులో ఆమెను అందరూ అరడెసిబెల్ అంటారు. ఎక్కడో ఒక సిగ్నల్ అర డెసిబెల్ తగ్గినా ఆమెకు అన్నం సహించదు.

రేవులు, దీపస్తంభాలు, దీవుల్లో ఆసుపత్రులు కలిపి నలభై రెండు కేంద్రాలకు ఉపగ్రహం ద్వారా ఫోను, ఇంటర్నెట్ అందించడం ఆ ఆఫీసు పని. ఏ డిష్షు ఎటు తిరగాలి, ఎంత వాన కురిస్తే ఎవరి సిగ్నల్ పోతుంది అన్నది ముందే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె చేతిలో ఉంది. గంటకు పన్నెండు మిల్లీమీటర్ల వాన పడితే ఏమవుతుందో ఆ రోజు చూడాలి. టీచరుతో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూ పన్నెండు పక్కన ఒక సున్నా ఎక్కువ కొట్టింది. ‘ఇది ఊహ మాత్రమే’ అన్న గడిలో టిక్కు పెట్టడం మరిచిపోయింది. మీట నొక్కి, సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఏదీ మరిచిపోలేదు. “గంటకు 120 మిల్లీమీటర్ల వాన. 39 కేంద్రాలకు సంబంధాలు తెగిపోవును” అని ఎర్రక్షరాల నివేదిక తయారుచేసి, జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ పంపేసింది.

ఆమె బడి మెట్లు ఎక్కుతుండగా భర్త ఫోను చేశాడు.

“ఏమోయ్, కుంభవృష్టట! డాబా మీద బట్టలన్నీ తీసేశా. కిటికీలు కూడా మూసేశా.”

“ఎవరు చెప్పారండీ? ఎండ మాడ్చేస్తోంటే!”

“రేవు అధికారి చెప్పాడట. పడవలన్నిటినీ వెనక్కి పిలిచేశాడు. నూట ఇరవై మిల్లీమీటర్లట. ఉపగ్రహం వాళ్లే చెప్పాక ఇంక తిరుగుందా?”

నూట ఇరవై అన్న మాట వినగానే, పన్నెండు పక్కన ఒక సున్నా ఎక్కువ పడిందని ఆమెకు అర్థమైంది. ఈలోగా టీచరు పిల్లలందరినీ బయటికి తోలుతూ వచ్చింది.

“మీటింగు లేదండీ. పెద్ద వానట, త్వరగా తీసుకెళ్లిపోండి.”

ఎగిరి గంతులేస్తున్న కూతురిని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. గుమ్మంలోనే మేనేజరు ఎదురయ్యాడు.

“వచ్చావా తల్లీ! నీ రిపోర్టు చూడకపోతే కొంప మునిగేది. అన్ని కేంద్రాల్నీ స్పేర్ డిష్షులకు మారిపొమ్మన్నా. అవి వేరే తరంగాల మీద, వేరే ఉపగ్రహంతో నడుస్తాయిగా, వానకు లొంగవు.”

“సార్, అసలు ఆ వాన...”

“వాన సంగతి తర్వాత చూద్దాం! ముందు తెర చూడు.”

తెర మీద కేంద్రాల గుర్తులైన పచ్చచుక్కలు ఒక్కొక్కటే రంగు మారుతున్నాయి. మారినవి మారగా, పదిహేడు సిగ్నల్ పోయి నల్లబడిపోయాయి. అందులో ఒకటి దీవి ఆసుపత్రి. అక్కడి డాక్టరు ఆమె సొంత వదిన. గుండెనొప్పితో వచ్చిన పెద్దాయన్ని వీడియోలో పట్నం డాక్టరుకు చూపించాల్సింది సరిగ్గా ఆ వేళకే. వదినకు ఫోను చేసింది. మోగలేదు. ఆ ఫోను నడిచేదీ ఉపగ్రహం మీదే.

“సార్, వానా లేదు, గీనా లేదు. నేనే ఒక సున్నా ఎక్కువ కొట్టాను.”

మేనేజరు కిటికీలోంచి చూశాడు. ఎండ వచ్చి ఆయన బట్టతల మీద మెరిసింది.

“అంటే... ఈ పదిహేడింటినీ మన చేత్తో మనమే కోసేశామా?”

మళ్లీ పాత డిష్షుకు మారమని చెప్పాలన్నా చెప్పే దారి లేదు. పావుగంట గడిచింది. ఆ పావుగంటలో పెద్దాయనకు ఏమైనా అయితే అన్న ఆలోచన ఆమెను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. అప్పుడు ఫోను మోగింది.

“అమ్మాయ్, ఎవరే మీ ఆఫీసులో ఆ ఆర్డరిచ్చిన మహానుభావుడు?”

“వదినా! పెద్దాయన ఎలా ఉన్నాడు?”

“నిక్షేపంలా ఉన్నాడు. నేను కంగారుపడుతుంటే ఆయనే నన్ను ఓదార్చాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు, మీ ఆర్డరు పక్కన పడేసి పాత డిష్షుకే తిప్పేశా. పట్నం డాక్టరు చూసి మందు కూడా చెప్పాడు.”

“మరి స్పేర్ డిష్షు?”

“అదా! రెండేళ్ల కిందట గాలికి కొండవైపు తిరిగిపోయింది. అప్పట్నుంచి కొండతోనే మాట్లాడుతోంది. రెండు ఉత్తరాలు రాశా, ఒక్కడు పలికితేనా!”

మిగతా కేంద్రాలవాళ్లూ ఆకాశం చూసి, విసుక్కుని, ఎవరికి వారే వెనక్కి మారిపోయారు. ఒకచోట స్పేర్ డిష్షులో పావురాలు కాపురం పెట్టాయని, ఇంకోచోట దాన్ని వెల్లకిలా పడేసి నీళ్లతొట్టి చేశారని తెలిసింది. వాన దారి తప్పి వేరే వైపు పోయిందని రేవు అధికారి పడవలవాళ్లకు సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పై ఆఫీసు డైరెక్టరు వచ్చాడు. ఉద్యోగం పోయిందనే అనుకుని ఆమె క్షమాపణ ఉత్తరం చేత్తో పట్టుకుని నిలబడింది. ఆయన దాని వైపు చూడనైనా లేదు.

“నిజంగా వాన వచ్చి ఉంటే పదిహేడు కేంద్రాలు మూగబోయేవి. స్పేర్ డిష్షులు పనిచేస్తున్నాయో లేదో చూడాలని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ముందు చెప్పకుండా పరీక్ష పెట్టాలన్నది ఎవరి ఆలోచన?”

“సార్, అది ఆలోచన కాదండీ, సున్నా.”

“ఆమెకు వినయం ఎక్కువండీ,” అన్నాడు మేనేజరు గబుక్కున.

ఇకమీదట ప్రతి నెలా మొదటి మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు ఆమె ఒక పొరపాటు చేయవలెనని వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది.