గాలి దొంగ

ఆ ఉదయం దేవదాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి మాదాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయి వస్తుంది, మొయినాబాద్‌లోని తన కుర్చీల ఫ్యాక్టరీ చూస్తుంది, తమ కొత్త ఆఫీసు మొత్తానికి ఆర్డరు ఇచ్చి వెళుతుంది. అప్పట్లో మాదాపూర్‌లో రోజుకో అద్దాల మేడ లేస్తోంది. లేచిన ప్రతి మేడలోనూ జనం కూర్చోవాలి కదా అన్నది దేవదాస్ ధీమా. ఈ ఆర్డరు చేజారితే మాత్రం సగం షెడ్డుకు తాళం పడుతుంది.

ఆ కంపెనీకి ఒకటే పట్టింపు. కరెంటు దండగ చేసేవాళ్ల దగ్గర సరుకు కొనదు. ఆ మాట విని దేవదాస్ మీసం దువ్వుకున్నాడు. పొదుపులో తనను మించినవాడు చేవెళ్ల దాకా లేడు. ఎండాకాలం మొదట్లోనే తన గదిలోని ఏసీ పీకించేసి, బల్ల కింద నుంచి చల్లగాలి వచ్చే ఏర్పాటేదో సొంత తెలివితో చేసుకున్న మనిషి ఆయన.

చిక్కంతా షెడ్డు వెనకున్న కంప్రెసర్‌తోనే. అది గాలిని ట్యాంకులో కుక్కుతుంది. ఆ గాలి పైపుల్లో వచ్చి సీట్లకు పిన్నులు కొట్టే గన్నులను నడుపుతుంది. ట్యాంకు నిండితే మోటారు తనంతట తానే ఆగాలి. అది ఆగడం మానేసి చాలా రోజులైంది.

"ఎక్కడనో గాలి లీకైతున్నది సేటూ," అన్నాడు దాన్ని చూసుకునే శాంసన్.

"లీకు కాదు, దొంగతనం," అన్నాడు దేవదాస్. "మీరందరు పైపు పెట్టి ఒంటి మీది స్పాంజి పొట్టు ఊదుకుంటున్రు కద, ఆ గాలి ఎవరి గాలి? ఇయ్యాల్టి నుంచి బంద్. చేతులతోటి దులుపుకోండ్రి."

సీట్లు కుట్టే సారమ్మ తల మీద, భుజాల మీద స్పాంజి పొట్టు తెల్లగా పేరుకుని ఉంది. "చేతులతోని దులిపితె ఇది పోదు సేటూ, ఇంకింత పాకుతది," అందామె. "గిట్ల పోతె మా ఊరు హిమాయత్‌నగర్ పోయే ఆటోవాడు ఎక్కనియ్యడు."

"నడిచిపో అవ్వా. ఒంటికి మంచిది."

ఊదుకోవడం ఆగింది. మోటారు ఆగలేదు.

"సబ్బునీళ్లు తెండ్రి," అన్నాడు దేవదాస్. పైపు అతుకుల మీద సబ్బునీళ్లు పోస్తే గాలి కారేచోట బుడగలు వస్తాయని ఆయన ఎక్కడో విన్నాడు. చెంచాతో అయ్యే పనికి బకెట్లు దింపించాడు. రెండు మూడు చోట్ల బుడగలు లేచాయి, వాటికి టేపు చుట్టారు. మిగతా నీళ్లు పైపుల మీద నుంచి మనుషుల మీదికి, చూపించడానికి సిద్ధం చేసిన కుర్చీల మీదికి కారాయి. తడిసిన ఒళ్లకు పొట్టు ఇంకా గట్టిగా అంటుకుంది. మోటారు హాయిగా తిరుగుతూనే ఉంది.

"ఫ్యాన్లు బంద్, గన్నులు బంద్, మాటలు బంద్. పైపులకు చెవులు పెట్టి వినుండ్రి," అని ఆజ్ఞ ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయి తేజస్వి గుమ్మంలో అడుగు పెట్టింది. తడి తడిగా, ఒంటినిండా తెల్లటి పొట్టుతో, పైపులకు చెవులు ఆనించి నిలబడ్డ మనుషులు ఆమెను చూసి కూడా మాట్లాడలేదు. సారమ్మ ఒక్కతే మర్యాద మరవకుండా కుర్చీ లాగి వేసింది. తేజస్వి కూర్చుంది. కూర్చున్నంత వేగంగానూ లేచింది. స్పాంజి తాగిన సబ్బునీళ్లలో సగం ఆమె చుడీదార్‌కు చేరాయి.

 దేవదాస్‌కు ఆర్డరు కళ్ల ముందే తలుపు దాటి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"ఏం జరుగుతోందండీ ఇక్కడ?"

"ఎనర్జీ ఆడిట్ మేడమ్," అన్నాడాయన గొంతు సవరించుకుని. "గాలి దొంగ ఉన్నడు. మీ ముందట్నే పట్టిస్త."

ఆ నిశ్శబ్దంలో నిజంగానే ఎక్కడి నుంచో బుస్సుమనే మోత వినిపించింది. దేవదాస్ ముందు, తేజస్వి వెనక, ఆ వెనక తడి జనమంతా ఊరేగింపుగా బయల్దేరారు.

శాంసన్ అడ్డం వచ్చాడు. "సేటూ, అటు దిక్కు నేను తర్వాత చూస్త."

"తర్వాత ఏంది? నా గది అయితె ఏంది? నాకొక రూలు, మీకొక రూలా?" అంటూ దేవదాస్ తలుపు బార్లా తెరిచాడు.

బల్ల కింద, కంప్రెసర్ నుంచి లాగిన బొటనవేలంత పైపు మూతికి కట్టిన తడిగుడ్డ జెండాలా రెపరెపలాడుతోంది. గదంతా చల్లగా ఉంది. ఎవరూ నవ్వలేదు, కానీ సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదేంటి?" అంది తేజస్వి.

"కూలర్," అన్నాడు దేవదాస్ మెల్లగా. "ఏసీ పీకించి పెట్టిన. గాలి ఉత్తదే కదాని..."

శాంసన్ వంగి ఆ పైపు కట్టేశాడు. కాసేపటికి షెడ్డు వెనక మోటారు గుర్రుమని ఆగిపోయింది.

"గాలి ఉత్తదే సార్, దాన్ని కుక్కడానికే కరెంటు," అంది తేజస్వి. "మీ కూలర్ మీ పాత ఏసీ కంటే చాలా ఎక్కువ తినేసింది." తర్వాత ఎందుకో నవ్వింది. "నేను వెళ్లిన ప్రతిచోటా లీకులు దాచి కొత్త బల్బులు చూపించారు. అందర్నీ వెంటబెట్టుకొచ్చి సొంత గది తలుపు తీసినవాళ్లు మీరొక్కరే. ఆర్డరు మీకే ఇస్తాం. కుర్చీలు మాత్రం ఆరాక పంపండి."

దేవదాస్ చెయ్యి మళ్లీ మీసం మీదికి వెళ్లింది. "ముందుగాల్నే చెప్పిన కద మేడమ్, పట్టిస్తనని."

వారం తిరక్కుండానే, కరెంటు ఆదా చేయడం కోసం, దేవదాస్ గదిలో ఏసీ పెట్టించారు.