బూడిదైన డిటెక్టివు

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున్నే ముఖానికి రంగు పూసుకోవడం, కాసేపాగి హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టించడం, భోజనాల వేళకల్లా హంతకురాలిని పట్టుకోవడం.

హత్య నాటకంలోది. చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసిన ఒక పాత నలుపు తెలుపు నేరకథా సినిమాను డాక్టరు రంగస్థలం మీదికి తెస్తున్నాడు. డిటెక్టివు తనే. హంతకురాలు భార్య. సినిమాలో చచ్చిపోయేది ఒక బాబాయి. కానీ ఆటంతా కదలకుండా పడుకోవడానికి మగవాళ్ళెవరూ ముందుకు రాకపోవడంతో డాక్టరు ఆ బాబాయిని పిన్నిగా మార్చి అత్తగారికి అప్పగించాడు.

"నా మోకాళ్ళ నొప్పులకి ఇంతకంటే మంచి వేషం దొరకదు అల్లుడుగారూ!" అని ఆవిడ పొంగిపోయింది.

నాటక సమాజానికి ఇదే ఆఖరి అవకాశం. కిందటి నాటకానికి ప్రేక్షకులకంటే పాత్రధారులే ఎక్కువమంది వచ్చారు. ఈసారీ అంతే అయితే హాలును బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళకు ఇచ్చేస్తానని హాలు కమిటీ అధ్యక్షుడు ముఖం మీదే చెప్పాడు. అందుకే డాక్టరు ఏ చిన్న విషయంలోనూ రాజీపడలేదు. ఆ సినిమా అందమంతా రంగు లేకపోవడంలోనే ఉందని, కాబట్టి వేదిక మీద మనుషులు, బట్టలు, కుర్చీలు అన్నీ బూడిద రంగులోనే ఉండాలని పట్టుబట్టాడు. పెయింట్ల దుకాణం నడిపే బావమరిది ఆ రంగు కలిపి తెచ్చాడు.

"ఇది కలిపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది బావా. ఎంత చెమట పట్టినా చెక్కుచెదరదు. వదిలించుకోవాలంటే మాత్రం బకెట్లకొద్దీ నీళ్ళు కుమ్మరించుకోవాలి."

డాక్టరు జుట్టు నుంచి మెడదాకా పూసుకుని అద్దంలో చూసుకున్నాడు. అచ్చం సినిమాలోంచి దిగొచ్చినట్టున్నాడు. ఆనందం పట్టలేక ఒకసారి కనుబొమ్మ ఎగరేశాడు కూడా. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అగ్నిమాపక కేంద్రం అధికారి.

"డాక్టరుగారూ, దవడ పన్ను ప్రాణం తీసేస్తోందండీ. మీ క్లినిక్ మెట్ల మీదే కూర్చున్నాను."

కాదనలేక డాక్టరు మాస్కు తగిలించుకుని పరుగెత్తాడు. అధికారి నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుని ఉండటం వల్ల ఇంజెక్షను దాకా అంతా సవ్యంగానే జరిగింది. మందు పనిచేసేలోగా డాక్టరు గాలి కోసం మాస్కు కిందికి లాగి, పటకారు చేత్తో పట్టుకుని, మరిచిపోకుండా ఉండాలని తన డైలాగు మననం చేసుకోసాగాడు.

"నా చేతుల్లోంచి ఇంతవరకు ఎవరూ తప్పించుకోలేదు!"

అధికారి కళ్ళు తెరిచాడు. దీపం వెలుగులో బూడిద రంగు ముఖం, పైకెత్తిన పటకారు. ఎన్నో మంటల్లోకి వెనకాడకుండా దూకిన మనిషి, మెడకు కట్టిన గుడ్డతోనే వీధిలోకి దూకాడు.

"ఏవండీ! పన్నండీ!" అని డాక్టరు వెనకాల అరిచాడు గాని, అవతలివాడు అప్పటికే మలుపు తిరిగిపోయాడు. నాటకానికి వేళ మించిపోతోందని డాక్టరు క్లినిక్‌కు తాళం వేసి హాలుకు పరుగెత్తాడు.

అధికారి కేంద్రం చేరేసరికి నాలుక పూర్తిగా మొద్దుబారింది. "డాట్టరు... మనిసంతా... బూడిద... బూడిద..." అన్నాడు. "రంగు" అన్న మాట మాత్రం ఎంత తన్నుకున్నా బయటికి రాలేదు.

"అయ్యయ్యో! డాక్టరుగారు బూడిదైపోయారా?" అని సిబ్బంది గుండెలు బాదుకున్నారు.

కాదని అధికారి తల అడ్డంగా ఆడించాడు. పాపం, దుఃఖం ఆపుకోలేకపోతున్నాడని వాళ్ళు ఆయన్ని ఎత్తి బండిలో కూర్చోబెట్టి గంట మోగిస్తూ బయల్దేరారు. క్లినిక్‌కు తాళం ఉంది. పక్క కొట్టు దర్జీని అడిగితే, "హత్యకి టైమైపోయిందంటూ హాలుకి పరుగెత్తారండీ" అన్నాడు కత్తెర ఆపకుండానే. దాంతో బండి వేగం రెండింతలైంది.

హాల్లో పరిస్థితి అంత బాగాలేదు. సినిమాలో వీధులనిండా పొగమంచు ఉంటుంది. దానికోసం బావమరిది దోమలకు పొగ కొట్టే యంత్రం తెచ్చాడు. అది మొదలైతే అయింది గాని, ఆగనని మొండికేసింది. రెండో రంగానికల్లా వేదిక కనిపించడం మానేసింది.

"నాటకం కనపడితే బాగుందో లేదో చెప్పొచ్చు" అని ముందు వరసలో అధ్యక్షుడు దగ్గుతూ అన్నాడు. అంతలో శవం రెండుసార్లు తుమ్మింది. వెనక వరసలో నవ్వులు మొదలయ్యాయి. పొగలోనే డాక్టరుకు బ్యాడ్మింటన్ వలలు కనిపించాయి.

బడిలో అరవైమంది పిల్లల గోలను ఒంటిచేత్తో నెట్టుకొచ్చే టీచరు గనక భార్య మాత్రం తగ్గలేదు. "అవును! నేనే చంపాను!" అని గొంతెత్తింది.

తలుపులు ధడాలున తెరుచుకున్నాయి. లోపల దట్టమైన పొగ, బూడిదయిన మనుషులు, నేల మీద కదలని ముసలావిడ, పైగా నేనే చంపానన్న కేక. సిబ్బందికి ఇంకేం కావాలి? గొట్టాలు విప్పారు. ఆపండి ఆపండని అధికారి రెండు చేతులూ ఊపాడు. ఇంకా గట్టిగా కొట్టమంటున్నాడని వాళ్ళు ధార పెంచారు.

పైకప్పుకు తగిలిన నీళ్ళు వేదికంతా వానలా కురిశాయి. పొగ అణిగింది. బూడిద రంగు పాయలుపాయలుగా కారిపోయి హంతకురాలి ఎర్రటి పెదవులు, ఆకుపచ్చ చీర బయటపడ్డాయి. నవ్వుతున్నవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూడసాగారు. ఇద్దరు సిబ్బంది శవాన్ని ఎత్తారు.

"దించండి నాయనా, నేను శవాన్ని. కదిలితే అల్లుడుగారు ఊరుకోరు" అని శవం పెదవి కదపకుండా గొణిగింది.

హత్య అన్న మాట విన్నప్పటినుంచీ హడలిపోతున్న అధికారి, ఎదురుగా ఎప్పటి ముఖంతో నిలబడ్డ డాక్టరును చూసి ఆగలేకపోయాడు. వేదిక ఎక్కి, వాటేసుకుని, "బటికే ఉన్నారా!" అని భోరుమన్నాడు. తడిసి ముద్దైన ప్రేక్షకులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలలు కూడా వినిపించాయి.

అధ్యక్షుడు చొక్కా పిండుకుంటూ పైకి వచ్చాడు. "నేరం ఒప్పుకోగానే వాన పడటం, మనుషులకి రంగు రావడం! ఏం ఊహ డాక్టరుగారూ, ఎక్కడిదండీ మీకు?"

"అది కాదండీ, అసలు..." అని డాక్టరు నిజం చెప్పబోయాడు. భార్య ఆయన కాలు తొక్కింది.

"అసలు అది చాలాకాలంగా మనసులో ఉన్నదే" అని డాక్టరు ముగించాడు.

బ్యాడ్మింటన్ వాళ్ళను వేరే చోటు చూసుకోమన్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ అదే నాటకమని అక్కడికక్కడే ప్రకటించారు. ఆ ఉదయం ఊళ్ళో ఎక్కడైనా నిప్పు అంటుకుంటే, ఆట అయ్యేదాకా ఓపిక పట్టాలని అగ్నిమాపక కేంద్రం తలుపుకు కాగితం అంటించారు.