క్యాచర్ వెనక కుర్చీ

ఎవరు ఎక్కడ నిలబడాలన్నది వేదిక ఎటువైపు వేశారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ పరమసత్యాన్ని చిక్కబళ్ళాపురలో జరిగిన బాలికల బేస్‌బాల్ ఫైనల్లో క్రీడా మర్యాదల ఉపసమితి లోకానికి చాటింది. (ఉపసమితి సరే, సమితి ఏదని అడగకండి. దాన్ని ఇంకా వేయలేదు.)

బేస్‌బాల్‌లో ఒక అమ్మాయి బంతి విసురుతుంది. ఎదురుగా ఇంకొకామె బ్యాటు పట్టుకుని నిలుచుంటుంది. ఆమె వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టుకునేది క్యాచర్. ఆ క్యాచర్ వెనక, భుజం మీదుగా వంగి చూస్తూ అంపైరు నిలబడతాడు. నేల మీది తెల్ల పలక మీదుగా, బ్యాటు పట్టిన అమ్మాయి మోకాలికీ ఛాతీకీ మధ్యగా బంతి బ్యాటుకు తగలకుండా పోతే స్ట్రైక్; అలాంటివి మూడైతే ఆమె అవుట్. పోయిందో లేదో అక్కడినుంచే సరిగ్గా కనబడుతుంది. చింతామణి హైస్కూలు వ్యాయామ మేష్ట్రు బైరప్ప ఈ విద్యను బెంగళూరు వెళ్ళి, నడుం పట్టేసేదాకా ఎండలో వంగి నేర్చుకొచ్చాడు. ఫైనల్‌కు అంపైరు ఆయనే.

చిక్కంతా షామియానాతో వచ్చింది. సాయంత్రపు ఎండ ముఖ్య అతిథిగారి ముఖాన పడకూడదని వేదికను సరిగ్గా క్యాచర్ వెనకవైపు వేశారు. ఇక ఆట సాగినంతసేపూ అంపైరు వీపు అతిథిగారి వైపే. ఉపసమితి కార్యదర్శి ధనుంజయ అదిరిపడి పరుగెత్తుకొచ్చాడు.

"మేష్ట్రే, సాహేబ్రికి వీపు చూపిచ్చుకోని నిలబడేదేమప్పా?"

"క్యాచర్ వెనకాల నిలబడితేనే సార్, బంతి యాడ పోతాండాదో కనబడేది."

"వేదిక కూడా క్యాచర్ వెనకాలే కదా ఉండాది! రోంత దూరం, అంతే. పైకి రాండి. కుర్చీ ఏసినాము, టవలు కూడా పరిచినాము."

టవలు పరిచిన కుర్చీని కాదన్న ప్రభుత్వోద్యోగి ఇంకా పుట్టలేదు. బైరప్ప ఎక్కి కూర్చున్నాడు. కూర్చున్నాడు కాబట్టి శాలువా కప్పారు, తలకు మైసూరు పేటా పెట్టారు. ఎవరి తల కొలతకు తెచ్చారో గానీ అది కనుబొమలు దాటి దిగింది. ఇక ఆయన స్ట్రైక్ అంటే, మైకు దగ్గరున్న వ్యాఖ్యాత ప్రతిమ, వేదికనలంకరించిన పెద్దలందరికీ పేరుపేరునా నమస్కరించి, ఆ తర్వాత "స్ట్రైక్" అని ప్రకటించాలి. ఈలోగా మైదానంలో ఇంకో బంతి పడిపోయేది. (దాని తీర్పుకు మళ్ళీ నమస్కారాలు.)

అలాగే తంటాలు పడి ఆట చివరికొచ్చింది. చిక్కబళ్ళాపుర జట్టు కంటే బాగేపల్లి ఒక్క పరుగు ముందుంది. ఆ జట్టు తరఫున బంతి విసిరే రక్షిత ఇంకొక్క స్ట్రైక్ వేస్తే చాలు, గెలుపూ రాష్ట్ర పోటీల ప్రయాణమూ బాగేపల్లివే. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథిగారికి ఇంకో కార్యక్రమానికి వేళైంది. ఆట ముగిసేదాకా ఆగితే ఇచ్చే చేయి ఉండదు కనుక బహుమతి ముందే ఇప్పించారు. వేదికకు దగ్గర్లో ఉన్నది చిక్కబళ్ళాపుర జట్టు. కప్పు వాళ్ళ చేతిలో పెట్టి, ఫొటో దిగి, ఆయన కారెక్కారు. బ్యాటు పట్టే అమ్మాయి కప్పు పక్కన పెట్టి మళ్ళీ వచ్చి నిలబడింది.

రక్షిత బంతి పట్టుకుని అట్లాగే చూస్తోంది. ముఖం కందిపోయింది. బైరప్ప అది చూశాడు. పేటా తీసి కుర్చీలో పెట్టి, వేదిక మీంచి దూకి, క్యాచర్ వెనక వంగి నిలబడ్డాడు.

"ఎయ్యమ్మా!"

బంతి నడుము ఎత్తున, పలక నడిమధ్యగా వచ్చి క్యాచర్ గ్లౌజులో పడింది.

"స్ట్రైక్!" పెద్దలెవరికీ నమస్కరించకుండానే అరిచేశాడు బైరప్ప. బాగేపల్లి పిల్లలు ఎగిరి గంతులేశారు.

ఉపసమితి అక్కడికక్కడే సమావేశమైంది. తీర్పు సరైనదేనని ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అయితే అంపైరు తనకు కేటాయించిన స్థానం విడిచి, ముఖ్య అతిథిగారి ఖాళీ కుర్చీకి వీపు చూపుతూ చెప్పినందున అది చెల్లదని కూడా ఏకగ్రీవంగా తీర్మానించింది. కప్పు ఎవరి దగ్గరుంటే వాళ్ళే విజేతలు.

రక్షిత కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "సార్, బంతి సరిగ్గానే ఏసినా కదా?"

"సరిగ్గానే ఏసినావమ్మా," అన్నాడు బైరప్ప. "నేనూ సరైన చోట నిలబడే చూసినా. దానికే మీరు ఓడిపోయినారు."