మూడు దేశాల చింతపండు

ఆయుధ పూజ రోజు పొద్దున చెంగల్వరాయుడు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వెనక గదికి తాళం వెయ్యాలి, తాళంచెవి మొలతాడుకు కట్టుకోవాలి, తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని సాయంత్రందాకా కూర్చోవాలి. ఎవరైనా అడిగితే నడుం పట్టేసిందని చెప్పాలి. కూర్చోవడం కన్నా తేలికైన పని తిరుత్తణి బజారులో ఏ వ్యాపారికి దొరుకుతుంది చెప్పండి.

ఆ గదిలో ఉన్నది చింతపండు మిషను. చెంగల్వరాయుడి కొట్టు తాత పెట్టింది, తక్కెడ తండ్రి కొన్నది, పేరు కూడా కొండమీద దేవుడిది. తనదని చెప్పుకోవడానికి ఈ లోకంలో ఆయనకున్నది సొంతంగా కనిపెట్టిన ఆ మిషను ఒక్కటే. చింతపండు వేసి చక్రం తిప్పితే గింజలు ఎడమవైపు, గుజ్జు కుడివైపు పడతాయి. ఎవరికీ అంతుపట్టకుండా ముక్కలు ముక్కలుగా చేయించాడు. రోలర్లు చెరుకు మిషనుకని తిరువళ్ళూరు లేతు పట్టడలో నటరాజుకు చెప్పాడు. పళ్ళచక్రాలు కుట్టు మిషనుకని కవరైపేట్టైలో చెప్పాడు. అబద్ధాలు అలవాటు లేని మనిషి, ఏ ఊళ్ళో ఏం చెప్పాడో గుర్తుంచుకోలేక నానా అవస్థ పడ్డాడు.

ఇంత దాపరికం ఎందుకంటే, మద్రాసులో పేటెంటు ఏజెంటు కేశవన్ భయపెట్టి పంపించాడు. ఇక్కడ తీసుకున్న హక్కు ఇక్కడికే చెల్లుతుంది. సిలోనుకు సిలోన్లోనే తీసుకోవాలి. మలయాకు కావాలంటే ముందు లండన్లో తీసుకుని, అక్కడినుంచి మలయాకు పోవాలి. ఏ దేశంలోనైనా సరే, అర్జీ పడేలోగా మిషను ఎక్కడైనా నలుగురి కంట పడిందంటే అది కొత్తది కాకుండా పోతుంది, ఆపైన ఎవడైనా చేసి అమ్ముకోవచ్చు. ఇది విన్నప్పటినుంచి చెంగల్వరాయుడికి మనుషుల కళ్ళంటేనే వణుకు పుట్టింది.

మరి వెంటనే అర్జీ ఎందుకు వెయ్యలేదంటారా? భార్య వసుమతికి వెంకటాచలం అని ఒక అన్న ఉన్నాడు. మలయాలో, పెనాంగు ఊళ్ళో ఆయనకు మళిగై కొట్టు, అంటే పచారీ అంగడి. ఆయుధ పూజకు రెండు మూడు నెలల ముందు, ఆడి నెలలో వచ్చి, మిషను చూసి, చెంగల్వరాయుణ్ణి వాటేసుకున్నాడు. "తొందర పడొద్దు బావా. మూడు దేశాల్లోనూ ఒకే దినం వేస్తాం. దీపావళి దాకా నోరు మూసుకో. మా చెల్లికి గూడా చూపించొద్దు" అని, లండన్ వకీలుకు చూపించాలని మిషను బొమ్మలన్నీ పట్టుకుపోయాడు. అంత ముందుచూపున్న బావ దొరికినందుకు చెంగల్వరాయుడు కొండెక్కి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

అలా కుర్చీలో కూర్చున్నాడో లేదో, గంధం గిన్నెతో వసుమతి వచ్చి నిలబడింది.

"తలుపు తియ్యండి. మిషనుకు బొట్టు పెట్టాల."

"దానికి ఈ ఏడు బొట్టు వద్దులే."

"తక్కెడకు పెట్టినాను, పడిరాళ్ళకు పెట్టినాను, కడాకు మీ ఓటి సైకిలుకు గూడా పెట్టినాను. ఈ దినం బొట్టు లేని ఇనుము ఈ వీధిలో లేదు. రేపు దాంట్లో మీ వేలు పడితే నన్ను అడగొద్దండి."

వేలు మాట వినగానే చెంగల్వరాయుడు మెత్తబడ్డాడు. గంధం గిన్నె తీసుకుని, ఆమెను బయటే నిలబెట్టి, లోపల గడియ వేసుకుని తనే పూజ చేశాడు. కిటికీలకు కాగితాలు అంటించి ఉన్నాయి. సాంబ్రాణి పొగ పోవడానికి దారి లేక తలుపు సందుల్లోంచి వీధి వాకిలిదాకా వచ్చింది. ఒంటరిగా వస్తే బాగుండేది. గింజ వదలడం కోసం నీళ్ళు చల్లి మగ్గబెట్టిన చింతపండు కుండల్లో పులిసిపోయి ఉంది, ఆ వాసనను కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి కన్నియమ్మ వచ్చింది. ఆయుధ పూజనాడు గడప తొక్కిన మనిషిని లోపలికి పిలిచి, పూజ చూపించి, బొరుగులూ గుగ్గిళ్ళూ చేతిలో పెట్టి పంపడం ఆ ఊరి మర్యాద. చెంగల్వరాయుడు పరిగెత్తుకొచ్చి, చేతులు చాపి వాకిలికి అడ్డంగా నిలబడి, అక్కడే బొరుగులు పెట్టాడు.

"లోపలికి రాకూడదమ్మా. నాకు నడుం పట్టేసినాది."

"నీ నడుం పట్టేస్తే నేనెందుకు రాకూడదప్పా?" అంది కన్నియమ్మ. అంతలోనే లోపలినుంచి వాసన వచ్చింది.

డెబ్బై ఏడో ఎనిమిదో, మద్య నిషేధం నడుస్తున్న రోజులు. మూసిన గది, పులిసిన వాసన, దాన్ని కప్పడానికన్నట్టు సాంబ్రాణి. కన్నియమ్మ చెడ్డదేం కాదు, నోట్లో మాట నిలవదు, అంతే. ఆమె నాలుగిళ్ళు దాటేలోగా వాసన కుండెడు సారాయి అయింది. పోలీసు స్టేషనుకు చేరేసరికి పీపాలయింది.

ఎస్.ఐ. దొరస్వామి స్టేషనులో పూజ ముగించి, లాఠీకి పెట్టిన బొట్టు కూడా ఆరకముందే వచ్చేశాడు. వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్ళు. స్టేషనుకు బొరుగుల కోసం వచ్చిన తిరువళ్ళూరు విలేకరి కూడా కెమెరాతో జీపెక్కి వచ్చాడు.

"ఎన్న చెట్టియారే, లోపల ఏముంది?"

"మిషను సార్."

"ఏం మిషను?"

"చెప్పకూడదు సార్. చెప్తే మూడు దేశాల్లో నా హక్కు పోతాది."

సారాయి కోసం వచ్చిన దొరస్వామి కొయ్యబారిపోయాడు. "మూడు దేశాలా? ఏయే దేశాలయ్యా?"

"మనది, సిలోను, మలయా."

"మలయాలో నీకు ఎవరున్నారు?"

"మా బావ ఉండాడు సార్. ఎవరికీ చూపించొద్దని చెప్పిందే ఆయన."

దొరస్వామి కానిస్టేబుళ్ళ వైపు చూశాడు. చిల్లర సారాయి కేసు కాస్తా కళ్ళముందే బంగారం స్మగ్లింగు కేసుగా ఎదిగిపోయింది. చెంగల్వరాయుడు చేతులు జోడించాడు.

"మీరొక్కరే చూడండి సార్. చూసి మనసులో పెట్టుకోండి."

"నేనొక్కడే చూస్తే కోర్టు ఒప్పుకోదయ్యా. సోదా అంటే ఊరి పెద్దమనుషులు సాక్షులుగా నిలబడాల. చట్టం అది."

ఒక చట్టం ఎవరూ చూడకూడదంటుంది. ఇంకో చట్టం నలుగురు చూసి తీరాలంటుంది. రెంటి మధ్యా చెంగల్వరాయుడు. సాక్షులు కావాలన్న మాట ఎస్.ఐ. నోట రావడమే ఆలస్యం, వీధి మొత్తం కదిలి వచ్చింది. తిరుత్తణిలో ఇంతమంది పెద్దమనుషులున్నారని ఆయనకు ఆ రోజే తెలిసింది.

తలుపు తీశారు. గంధం, కుంకుమ, చేమంతి దండతో మిషను పెళ్ళిపీట మీద కూర్చున్నట్టు ఉంది. విలేకరి కెమెరా ఎత్తగానే చెంగల్వరాయుడు పైపంచ తీసి మిషను మీద కప్పి, దాన్ని కావలించుకున్నాడు. సాక్ష్యం దాచడం ఇంకో నేరమని చెప్పి కానిస్టేబుళ్ళు ఆయన్ని ఊడదీశారు.

"తిప్పు" అన్నాడు దొరస్వామి.

"మీ కాళ్ళు పట్టుకుంటాను సార్."

"తిప్పకపోతే సారాయి మిషనని రాసుకుంటాను."

చెంగల్వరాయుడు ఏడుస్తూ తిప్పాడు. గింజలు ఎడమవైపు టపటపా రాలాయి, గుజ్జు కుడివైపు జారింది. కన్నియమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇంటికి వెళ్ళి, గంపెడు చింతపండు తెచ్చి మిషను ముందు దించింది. దొరస్వామి టోపీ తీసి పక్కన పెట్టి, ఆ గంపెడూ తనే మిషనులో వేసి తిప్పాడు.

కొండకు దర్శనానికి వచ్చిన లేతు నటరాజు గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. "ఇది నా రోలరు కదప్పా. చెరుకుకని చెప్పినావే" అంటూ మిషను నాలుగు వైపులా జానలతో కొలుచుకున్నాడు. చెంగల్వరాయుడు గింజల మధ్యన కూలబడ్డాడు. వద్దని చెప్పే ఓపిక కూడా ఆయనకు లేదు.

సెలవులు పోయాక వచ్చిన పేపర్లో ఫోటో పడింది. 'సారాయి కాదు, చింతపండు' అని పెద్దక్షరాలు, కింద తిరుత్తణి చెంగల్వరాయుడు కనిపెట్టిన మిషను ఎలా పనిచేస్తుందో విలేకరి పూసగుచ్చినట్టు రాశాడు. మధ్యాహ్నం పక్క కొట్టుకు కేశవన్ ఫోను చేశాడు. "పేపరు చూసినాను. ఇంక ఇక్కడా లేదు, సిలోన్లో లేదు, లండన్లో లేదు. నా దగ్గరికి రావద్దు, బస్సు ఖర్చు దండగ" అని పెట్టేశాడు.

చెంగల్వరాయుడు ఇంటికొచ్చి భార్య మీద పడ్డాడు. "బొట్టు బొట్టు అని నా కొంప ముంచినావు. నీ బొట్టుకు మూడు దేశాలు పోయినాయి." ఆ రోజునుంచి ఆమె ఆయనతో అన్నానికి పిలిచే మాట తప్ప ఇంకో మాట ఆడలేదు. ఆయనకు అది కూడా గాయమే, కానీ ముందు తగ్గేది ఎవరని ఊరుకున్నాడు. నటరాజు మాత్రం ఊరుకోలేదు. కొత్త చింతపండు వచ్చే మాసి నెలకల్లా, అంటే శివరాత్రినాటికి, పూండి చుట్టుపక్కల పల్లెలన్నిటికీ చెట్టియారు మిషన్లు చేసి తోలేశాడు. తిరుత్తణిలో వీధికొకటి వచ్చింది.

ఆ మాసి నెలలోనే, కబురైనా లేకుండా పెనాంగునుంచి వెంకటాచలం దిగాడు. బూట్లు కూడా విప్పకుండా నట్టింట్లో నిలబడి అరిచాడు.

"ఏం పని చేసినావు బావా? దీపావళి దాకా ఒక్క తలుపు మూసి పెట్టుకోలేకపోయినావా?"

"నాకు జరిగిన నష్టం నాకు తెలీదా బావా?" అన్నాడు చెంగల్వరాయుడు దీనంగా.

"నీకేం నష్టమయ్యా? లండన్లో నా అర్జీ కొట్టేసినారు. మా పక్క కొట్టువాడు ఆ పాడు పేపరు సంపాదించి అక్కడికి పంపించినాడు. నేను వేసింది దీపావళికి, ఊరంతా చూసింది ఆయుధ పూజకు. అంతా పాయె."

చెంగల్వరాయుడికి ముందు సానుభూతే కలిగింది. ఆ తర్వాత మాట మెల్లగా లోపలికి దిగింది.

"నీ అర్జీయా?"

"అంటే, మనదే కదా బావా."

"పేరెవరిది అన్నా?" వంటింటి గడపలోంచి వసుమతి అడిగింది.

వెంకటాచలం తన బూట్లకేసి చూసుకున్నాడు. సోదానాడు కూడా చెంగల్వరాయుడు ఇంత అదిరిపోలేదు. ఆ తలుపు దీపావళిదాకా మూసి ఉండుంటే, తన మిషను లండన్లోనూ మలయాలోనూ వెంకటాచలానిది అయ్యేది. అక్కడ ఒక్కటి అమ్మబోతే తనే దొంగయ్యేవాడు. ఆయన తల తిప్పి భార్యను చూశాడు.

"వసుమతీ, ఆ దినం నువ్వు బొట్టు పెట్టమనకుండా ఉంటే మునిగిపోయింటాం. నిన్ను అనరాని మాట అన్నాను."

వసుమతి కళ్ళు తుడుచుకుంది. లోపలికి వెళ్ళి, చేటనిండా గింజతో ఉన్న చింతపండు తెచ్చి అన్న ముందు పెట్టింది.

"బూట్లు విప్పి కూర్చో అన్నా. పొద్దుగుంకేలోగా చారు పెట్టాల. గింజ తియ్యి."

"మిషను ఉండాది కదా చెల్లీ?"

"అది మా ఆయనది. నువ్వు దాని జోలికి పోవద్దు."

వెంకటాచలం కూర్చున్నాడు. ఆ ఏడు తిరుత్తణిలో చేత్తో గింజ తీసిన మనిషి ఆయన ఒక్కడే.