ఖుష్నుమా అప్పగింతల మహోత్సవం

శిశుగృహంలో ఉన్న ఒక పసిబిడ్డను కన్నతల్లి ఒడికి చేర్చే చారిత్రక ఘట్టానికి గౌరవ మంత్రిగారు స్వయంగా విచ్చేస్తున్నారని, శిశు సంక్షేమం చూసే అధికారి నరసరాజు గారు సంగారెడ్డిలో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. బిడ్డల్ని తల్లులకు ఇవ్వాలన్న ఆలోచన ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ రాలేదన్నారు. విలేకరిని కాబట్టి నేనూ రాసుకున్నాను. సమోసాలు బాగున్నాయి.

బిడ్డ పేరు ఖుష్నుమా. తండ్రి సమద్‌కు కంపెనీలో డ్రమ్ము మీద పడి కాలు విరిగింది. ఇల్లు గడవక తల్లి జైతూన్ బీ ఏడుస్తూనే బిడ్డను శిశుగృహంలో వదిలింది. ఇప్పుడు ఆమెకు బొల్లారంలో మాత్రల ప్యాకింగ్ పని దొరికింది. సమద్ మంచం మీద కూర్చుని బిడ్డను ఆడించగలడు. ఇంట్లో సంపాదన ఉంటే బిడ్డను ఇవ్వవచ్చని రూలు. శిశు సంక్షేమ కమిటీ కూడా సరేనంది. ఆ రోజే ఇచ్చేస్తే పని అయిపోయేది. కానీ అలా ఇస్తే అభివృద్ధి ఎవరికి కనిపిస్తుంది?

మొదటిసారి జైతూన్ బీ పనికి నాగా పెట్టి, బిడ్డకు కొత్త గౌను కొనుక్కుని వచ్చింది. మంత్రిగారు రుద్రారంలో హాస్టల్ మెస్ ప్రారంభించి, అక్కడి బిర్యానీ దగ్గరే ఆగిపోయారు.

"మీరే ఇయ్యరాదు సార్?" అంది జైతూన్ బీ.

"నేనిచ్చేస్తే మంత్రిగారు ఏమిస్తారమ్మా?" అన్నారు నరసరాజు గారు. న్యాయమైన ప్రశ్న.

రెండోసారి మంత్రిగారు గేటు దాకా వచ్చారు. షామియానా రంగు ఎదుటి పార్టీది కావడంతో కారు అక్కడి నుంచే వెనక్కి తిరిగింది. సిద్ధాంతం అంటే అదీ.

మూడోసారి ఆషాఢం అడ్డొచ్చింది.

"ఆషాఢంలో అప్పగింతలు చేయరమ్మా," అన్నారు నరసరాజు గారు.

"మాకు ఆషాఢమేంది సార్?"

"మంత్రిగారికి ఉంది కదమ్మా."

"ఇంకో నాగా పెడితే కాంట్రాక్టర్ గేట్‌పాస్ గుంజుకుంటడు. పరేషాన్ జెయ్యకుండ్రి సార్."

వచ్చినవాళ్లం ఊరికే పోవడమెందుకని రిహార్సల్ పెట్టారు. మంత్రిగారి పీఏ పవన్‌కుమార్ అచ్చం ఆయనలా నడిచొచ్చి బిడ్డను తల్లికిచ్చాడు, నవ్వాడు, మళ్లీ లాక్కున్నాడు. బిడ్డ తల్లి కొంగు వదల్లేదు. గుక్కపట్టి ఏడ్చింది.

"సూపర్! ఆ రోజు గూడ గిట్లనే ఏడ్వాలె," అని మెచ్చుకున్నాడు.

శ్రావణం వచ్చింది. ఎట్టకేలకు మంత్రిగారూ వచ్చారు. బిడ్డను ఎత్తి తల్లి చేతుల్లో పెట్టగానే పూలు కురిశాయి. మంత్రిగారు మైకు అందుకున్నారు.

"గీ చెల్లెకు కంపెనీల నౌకరి ఉన్నదంటే, బిడ్డ ఇంటికి పోతున్నదంటే, ఎవరి పుణ్యం?"

"మీదే!" అన్నారు కార్యకర్తలు. మంత్రిగారు మైకును జైతూన్ బీ ముందు పెట్టారు.

ఆమె బిడ్డను చంకన సర్దుకుంది. "నౌకరి పోయింది సార్. మీ మీటింగులకు నాగాలు పెట్టి పెట్టి గేట్‌పాస్ గుంజుకున్నరు. పర్వలేదు, ఇంకోటి దేవులాడుకుంట. బిడ్డ దొరికింది, గంతే చాలు."

నరసరాజు గారు మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు. మంత్రిగారి ముఖం గంభీరమైంది.

"సంపాదన లేని ఇంటికి బిడ్డను పంపుడు చట్టవిరుద్ధం. చట్టానికి నా చెల్లెయినా ఒకటే!"

ఇచ్చిన చేతులతోనే బిడ్డను వెనక్కి తీసుకున్నారు. ఏడుపు రిహార్సల్ కంటే బాగా వచ్చింది. చిన్నారి క్షేమం కోసం ఎంత కఠిన నిర్ణయమని చప్పట్లు మోగాయి.  నేనూ ఫొటో తీశాను.

కాన్వాయ్ వెళ్లాక జైతూన్ బీ గేటు దగ్గర నరసరాజు గారిని పట్టుకుంది.

"సార్, మల్ల పని దొరికితే, మంత్రి సారుకు తెల్వకుండ ఇస్తరా?"

ఆయన ఆమెను జాలిగా చూశారు.

"ముందు పని దొరకనివ్వమ్మా. మంత్రిగారి డేట్ నేను తీసుకుంటాను."